ఒకే బిజినెస్ క్లాసు, మూడు రకాల సీట్లు: ఎమిరేట్స్ విమానాల్లో ఇంత తేడా ఎందుకు?

2025 నవంబరులో జరిగిన దుబాయ్ ఎయిర్‌షోలో ఎమిరేట్స్ మరో 65 బోయింగ్ 777-9 విమానాలకు ఆర్డరు ఇచ్చింది. ఒప్పందం విలువ 38 బిలియన్ డాలర్లని చెప్పారు. 777-9 లాంటి కొత్త తరం 777లను కలిపి 777ఎక్స్ అంటారు. దీంతో ఆ సంస్థ బోయింగ్ దగ్గర రాయించుకున్న 777ఎక్స్ విమానాల లెక్క 270కి చేరింది. వాటిలో ఒక్కటీ ఇంకా చేతికి రాలేదు. 2013లో మొదటిసారి 150 విమానాలు అడిగినప్పుడు 2020కల్లా డెలివరీలు మొదలవుతాయన్నారు. ఇప్పుడు 2027 అంటున్నారు.

ఇది కంపెనీల మధ్య వ్యవహారమేగా అనిపిస్తుంది. కానీ శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా అమెరికాకో లండన్‌కో వెళ్లేవాళ్లకు ఈ ఆలస్యం నేరుగా తగులుతుంది. ఒకే ధర పెట్టి ఒకే క్లాసు కొన్న ఇద్దరిలో ఒకరికి ఎవరినీ లేపకుండా బయటికి రాగల సీటు, ఇంకొకరికి ఇద్దరి మధ్య ఇరుక్కున్న సీటు ఎందుకు వస్తున్నాయో తెలియాలంటే ఈ విమానాల కథ తెలియాలి. టికెట్టు మీద ఉండే క్లాసు పేరు మనకు సగం సంగతే చెబుతుంది. మిగతా సగం ఆ రోజు గేటు దగ్గరికి వచ్చిన విమానంలో ఉంటుంది.

ముందు నాలుగు మాటలు

దూరప్రయాణాల విమానాల్లో సాధారణంగా రెండు నడవలు ఉంటాయి. వీటినే వైడ్ బాడీ విమానాలంటారు. హైదరాబాద్ నుంచి విజయవాడకో ఢిల్లీకో వెళ్లేటప్పుడు మనం ఎక్కేవి ఎక్కువగా ఒకే నడవ ఉన్నవి. ఎమిరేట్స్ తన ప్రయాణికుల కోసం వైడ్ బాడీలే నడుపుతుంది. అలాంటి పెద్ద సంస్థలు ప్రపంచంలో చాలా తక్కువ. ఇక్కడే మొదటి చిక్కు. దుబాయ్‌లోనే ఉన్న ఫ్లైదుబాయ్ వేరే సంస్థ. దాని యజమాని కూడా దుబాయ్ ప్రభుత్వమే, 2017 నుంచి రెండిటికీ ఒప్పందం ఉంది. అందువల్ల ఎమిరేట్స్ నంబరుతో కొన్న టికెట్టులో ఒక అంచె ఫ్లైదుబాయ్ వారి ఒకే నడవ ఉన్న బోయింగ్ 737లో సాగే వీలుంది. టికెట్టులో విమానం నడిపేది ఎవరో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సీట్ల అమరికను అంకెలతో చెబుతారు. 3-4-3 అంటే కిటికీ పక్కన మూడు, ఒక నడవ, మధ్యలో నాలుగు, మళ్లీ నడవ, మళ్లీ మూడు. ప్రతి గీతా ఒక నడవ. 1-2-1 అంటే ప్రతి సీటుకూ నడవ తగులుతుంది, ఎవరినీ లేపకుండా బయటికి రావచ్చు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే బుకింగ్ పేజీలో కనిపించే సీట్ల బొమ్మ చాలా చెబుతుంది. పిచ్ అంటే ఒక సీటు మీది ఒక చోటు నుంచి ముందు సీటు మీది అదే చోటుకు ఉన్న దూరం. కాళ్లు చాపుకునే వీలు చాలావరకు దీన్ని బట్టే ఉంటుంది.

మూడు విమానాలు, మూడు వెడల్పులు

ఎమిరేట్స్ 1985 అక్టోబరులో పాకిస్తాన్ ఇంటర్నేషనల్ దగ్గర అద్దెకు తెచ్చుకున్న విమానాలతో మొదలైంది. తొలి గమ్యాల్లో కరాచీతో పాటు ముంబై, ఢిల్లీ ఉన్నాయి. ఇవాళ దాని ప్రయాణికుల విమానాలు మూడు కుటుంబాలు: రెండంతస్తుల ఎయిర్‌బస్ ఎ380, బోయింగ్ 777, 2025 జనవరి 3న ఎడిన్‌బరో ప్రయాణంతో సేవలోకి వచ్చిన ఎయిర్‌బస్ ఎ350-900.

ఎకానమీలో కూర్చునేవాళ్లకు ఈ మూడింటి మధ్య తేడా ప్రచార ప్రకటనల్లో కనపడదు, భుజాలకు తెలుస్తుంది. చిన్న లెక్క వేద్దాం. 777 క్యాబిన్ లోపలి వెడల్పు సుమారు 5.86 మీటర్లు. ఎమిరేట్స్ అందులో వరుసకు పది సీట్లు పెట్టింది. నడవలతో కలిపి తలకు వచ్చేది దాదాపు 58.6 సెంటీమీటర్లు. ఎ380 కింది అంతస్తు సుమారు 6.5 మీటర్లు, అక్కడా పదే సీట్లు, తలకు 65. ఎ350 వెడల్పు 5.61 మీటర్లే, అంటే 777 కంటే ఇరుకు. కానీ వరుసకు తొమ్మిది సీట్లే కాబట్టి తలకు 62 దాటుతుంది. ఇవి సీటు కొలతలు కావు, నడవలూ చేతివాల్చులూ కలిపిన వాటాలు. అయినా ఎవరికి ఎంత చోటు దక్కుతుందో తేల్చడానికి సరిపోతాయి. మూడింటిలో అత్యంత ఇరుకైనది 777. మన హైదరాబాద్‌కు మామూలుగా వచ్చేది కూడా 777 కుటుంబమే.

777ని మొదట చాలా సంస్థలు వరుసకు తొమ్మిది సీట్లతో నడిపాయి. పదికి మారిన తొలి సంస్థల్లో ఎమిరేట్స్ ఒకటి. తర్వాత దాదాపు అందరూ అదే దారి పట్టారు. వరుసకు ఒక సీటు చేరితే తలకు పడే ఖర్చు తగ్గి అందరి టికెట్లూ చవకవుతాయని సంస్థలంటాయి. ఆ తగ్గింపు ఎంత, ఇరుకు ఎంత అన్నది దుబాయ్ నుంచి హ్యూస్టన్ దాకా పదహారు గంటలు కూర్చున్నవాళ్లు తూచుకోవలసిన విషయం. నాకైతే నాలుగు గంటల ప్రయాణానికి ఆ ఇరుకు పెద్ద లెక్కలోది కాదు, పదహారు గంటలకు మాత్రం చాలా పెద్దది.

వెడల్పు కాక ఇంకో తేడా గాలిది. ఎ350 ఒంట్లో సగానికి పైగా కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థం. లోహం కంటే అది లోపలి గాలి ఒత్తిడిని బాగా ఓర్చుకుంటుంది. అందుకే లోపలి ఒత్తిడిని 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుగా ఉంచగలరు. అల్యూమినియం విమానాల్లో అది 8,000 అడుగుల దాకా పోవచ్చు. లోపలి గాలిలో తేమ కూడా కొంచెం ఎక్కువ ఉంచవచ్చు. పెద్దవాళ్లు దిగిన తర్వాత తల బరువు, గొంతు ఎండడం తక్కువగా ఉందనడానికి ఇదొక కారణం.

బిజినెస్ క్లాసులో మధ్య సీటు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఎ380 పై అంతస్తులో బిజినెస్ క్లాసు 1-2-1. సీటు పూర్తిగా పరుచుకుంటుంది, అందరికీ నడవ ఉంది, వెనక బార్ ఉంది. దీన్ని చూసి ఎమిరేట్స్ బిజినెస్ అంటే ఇదేనని అందరి మనసులో ముద్ర పడింది. ప్రకటనల్లో చూపించేదీ ఇదే.

పాత 777-300ఈఆర్‌లో మాత్రం బిజినెస్ క్లాసు 2-3-2. అంటే మూడు సీట్ల వరుసలో నడుమ కూర్చున్నాయన బయటికి రావాలంటే పక్కవాళ్లను దాటాలి. ఎకానమీకి రెట్టింపు, మూడు రెట్లు పెట్టి కొన్న సీటులో ఇది చాలామందికి మింగుడుపడదు. 777-200ఎల్ఆర్ అనే చిన్న, బహుదూరపు రకం పది వరకు ఉన్నాయి. 2018లో వాటిని సవరించినప్పుడు 2-2-2 పెట్టారు: 38 బిజినెస్, 264 ఎకానమీ, మొత్తం 302. నడుమ సీటు పోయింది గానీ కిటికీ పక్క కూర్చున్నవాళ్లు పక్కవాళ్లను దాటడం పోలేదు. ఎ350లోనూ, ఈ మధ్య సవరించిన 777ల్లోనూ మళ్లీ 1-2-1. ఒకే పేరు, ఒకే సంస్థ, మూడు అమరికలు.

ఫస్ట్ క్లాసు ఇంకా చిందరవందర. ఎ380లో 14 సూట్లు (తలుపున్న చిన్న గదుల్లాంటి సీట్లు), పై అంతస్తు ముందుభాగంలో రెండు స్నానాల గదులు ఉంటాయి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాల నీళ్లు. 777ల్లో చాలావాటికి 8 సూట్లు. 2017లో కొద్ది 777లకు మాత్రం నేల నుంచి పైకప్పు దాకా మూసుకునే 6 సూట్లు 1-1-1గా పెట్టారు. నడుమ సూటుకు కిటికీ ఉండదు, బయట కెమెరాలు తీసే దృశ్యాన్ని తెరల మీద కిటికీలా చూపిస్తారు. ఎ350లో ఫస్ట్ క్లాసే లేదు.

ఒక ఉదాహరణ. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా హ్యూస్టన్‌కు తల్లిదండ్రులకు బిజినెస్ టికెట్లు కొన్నారనుకుందాం. మొదటి అంచె నాలుగు గంటల లోపు, పాత 777. రెండో అంచె పదహారు గంటలు, ఎ380. అమ్మానాన్న దుబాయ్ దాకా 2-3-2లో, ఆపైన 1-2-1లో వెళ్తారు. పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం రెండో అంచెదే కాబట్టి ఇది మంచి జోడీ. ఇదే తిరగబడి, పొడుగు అంచెకు పాత 777 వస్తే అదే ధరకు అందేది చాలా తక్కువ. పైగా కొన్నప్పుడు చూపిన విమానమే ఆ రోజు వస్తుందన్న హామీ లేదు. ఒకటి మరమ్మతుకు ఆగితే ఆ కుటుంబంలోని మరో విమానం వస్తుంది. బుకింగ్ పేజీలో రెండూ 777-300ఈఆర్ అనే ఉంటాయి, లోపల వేరు.

88 సీట్లు తీసి 56 పెట్టడం

2022 నవంబరు నుంచి ఎమిరేట్స్ తన పాత విమానాల లోపలి భాగాన్ని విప్పి కొత్తగా కడుతోంది. మొదట 120 విమానాలన్నారు, తర్వాత 191 అన్నారు, ఇప్పుడు 219. ఖర్చు 5 బిలియన్ డాలర్లు. చెప్పుకోవలసిన సంగతేమిటంటే ఈ పని బయట ఎవరికో ఇవ్వలేదు, దుబాయ్‌లోని సొంత ఇంజినీరింగ్ హాంగర్లలోనే చేస్తున్నారు. మొదట వేసుకున్న లెక్క ప్రకారం విమానానికి సుమారు 16 రోజులు.

ఈ సవరణలో ముఖ్యమైనది ప్రీమియం ఎకానమీ. ఎకానమీకీ బిజినెస్‌కీ నడుమ క్లాసు ఇది. సీటు వెడల్పు 19.5 అంగుళాలు, పిచ్ 40 అంగుళాలు, వెనక్కి 8 అంగుళాలు వాలుతుంది. పడుకోవడానికి పరుచుకోదు. ఎ380లో దీనికోసం కింది అంతస్తు ముందుభాగం నుంచి 88 ఎకానమీ సీట్లు తీసి 56 పెట్టారు. సంస్థకు ఇది లాభమా అన్నది చిన్న భాగహారం. ఎకానమీ టికెట్టు 40,000 రూపాయలనుకోండి. 88 సీట్ల మీద వచ్చేది 35,20,000. అంతే రావాలంటే 56 మందిలో ఒక్కొక్కరు సుమారు 62,860 కట్టాలి. అంటే ప్రీమియం ఎకానమీ ధర ఎకానమీకి 1.57 రెట్లు దాటిన దగ్గర నుంచి సంస్థకు మిగులు. 32 మంది తగ్గారు కాబట్టి భోజనాల ఖర్చు, మోసే బరువు కూడా తగ్గుతాయి. పొడుగు ప్రయాణాల్లో ఈ క్లాసు ధరలు తరచూ ఆ గీత పైనే ఉంటాయి. అందుకే ప్రపంచమంతా దీని వెంట పడుతోంది.

దీని మీద రెండు మాటలున్నాయి. బిజినెస్ కొనలేనివాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇదొక దారి అని ఒక మాట. అది నిజం. అగ్గువ సీట్లు తగ్గిపోతున్నాయని రెండో మాట. అదీ నిజమే. మూడు క్లాసుల 777లో 354 సీట్లుండేవి: 8 ఫస్ట్, 42 బిజినెస్, 304 ఎకానమీ. సవరించాక 332: 8, 40, 24 ప్రీమియం, 260 ఎకానమీ. ఎకానమీ నుంచి 44 సీట్లు పోయాయి. పండగ రోజుల్లో, సెలవుల్లో ఆ 44 సీట్ల లోటు ధరలో కనపడుతుంది.

కొత్త క్యాబిన్ల గోడల మీద ఒక చెట్టు బొమ్మ ఉంటుంది. అది ఘాఫ్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జాతీయ వృక్షం. వృక్షశాస్త్రంలో అది మన జమ్మి చెట్టే, తెలంగాణ రాష్ట్ర వృక్షం. దసరా నాడు మొక్కే చెట్టు ఎడారిలో ఒంటెకూ మనిషికీ నీడనిచ్చే చెట్టుగా ఆ గోడ మీద కనపడడం చూసినవాళ్ల మనసుకు హత్తుకుంటుంది.

కొత్తవి రాక పాతవి బాగుచేసుకోవడం

ఇంత డబ్బు పోసి పాత విమానాలను ఎందుకు సవరించాలి? కొత్తవి రాలేదు కాబట్టి. ఎమిరేట్స్ ప్రణాళికలో పాత 777-300ఈఆర్‌లు ఈపాటికి వెళ్లిపోతూ ఉండాలి, వాటి చోట 777-9 ఉండాలి. 2019 సెప్టెంబరులో పరీక్షలో ఒక విమాన దేహం ఒత్తిడికి చీలింది. మొదటిసారి ఎగిరింది 2020 జనవరిలో. బోయింగ్ వారిదే అయిన 737 మ్యాక్స్ ప్రమాదాల తర్వాత అమెరికా నియంత్రణ సంస్థ అనుమతుల పరిశీలనను కట్టుదిట్టం చేసింది. 2024 ఆగస్టులో ఇంజన్‌ను రెక్కకు పట్టి ఉంచే ఒక భాగంలో పగుళ్లు కనపడి పరీక్షలు ఆగాయి.

ఎయిర్‌బస్ వైపు వెళ్దామంటే అక్కడా తకరారుంది. పెద్ద రకం ఎ350-1000 ఇంజన్ గల్ఫ్ వేడికీ దుమ్ముకూ ఎక్కువ కాలం ఆగదని, తొందరగా మరమ్మతుకు దించాల్సి వస్తుందని ఎమిరేట్స్ అధ్యక్షుడు టిమ్ క్లార్క్ 2023లో బహిరంగంగానే అన్నారు. తయారీదారు రోల్స్ రాయిస్ తన ఇంజన్‌లో లోపం ఉందన్న మాటను ఒప్పుకోలేదు, మన్నిక పెంచే పనులు జరుగుతున్నాయని చెప్పింది. చివరికి ఎమిరేట్స్ చిన్నదైన ఎ350-900నే ఎంచుకుంది. ఆర్డర్లు ఇప్పుడు 73. ఇందులో 32 బిజినెస్, 21 ప్రీమియం, 259 ఎకానమీ, మొత్తం 312. పెద్దగా జనం లేని ఊళ్లకూ, మధ్య దూరాలకూ సరిపోయే పరిమాణం. భారత్‌కు ఇది 2025 జనవరి 26న ముంబై, అహ్మదాబాద్‌లకు వచ్చింది.

ఎ380: ఒకరికి గుదిబండ, ఒకరికి ఊపిరి

ఎయిర్‌బస్ మొత్తం 251 ఎ380లు అమ్మింది. అందులో 123 ఎమిరేట్స్‌వే. 2019 ఫిబ్రవరిలో ఎమిరేట్స్ 39 విమానాల ఆర్డరు తగ్గించుకోగానే ఎయిర్‌బస్ తయారీనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చివరిది 2021 డిసెంబరులో ఎమిరేట్స్‌కే ఇచ్చింది.

ఎయిర్ ఫ్రాన్స్ 2020లో తన ఎ380లన్నిటినీ పక్కన పెట్టేసింది. కారణం లెక్కలో దొరుకుతుంది. ఊహకు, ఒక ప్రయాణానికి 777కి కోటి రూపాయలు, నాలుగు ఇంజన్ల ఎ380కి కోటీ ముప్పై ఐదు లక్షలు ఖర్చనుకుందాం. రెండూ నిండితే 777లో 354 మందికి తలకు సుమారు 28,250, ఎ380లో 484 మందికి సుమారు 27,900. ఎ380 కొంచెం చవక. రెండిటిలోనూ 300 మందే ఎక్కితే? 777లో 33,300, ఎ380లో 45,000. నింపగలిగినవాడికి మేలు, నింపలేనివాడికి నష్టం.

ఎమిరేట్స్ నింపగలదు. నాలుగు దిక్కుల నుంచి జనాన్ని దుబాయ్‌లో దించి, రెండు మూడు గంటల్లో వేరే విమానం ఎక్కించడమే దాని వ్యాపారం. దుబాయ్ విమానాశ్రయానికి రన్‌వేలు రెండే, లండన్ హీత్రోకూ రెండే. దిగే వేళలు పరిమితమైనచోట ఒక్కో వేళలో ఎక్కువమందిని దించేవాడిదే పైచేయి. మరోవైపు, చిన్న రెండింజన్ల విమానాలు నేరుగా ఊరి నుంచి ఊరికి పోతుంటే మధ్యలో దిగి ఎక్కాలని ఎవరనుకుంటారు అన్నది విమర్శకుల వాదన. ఎ380లను పక్కన పెట్టిన సంస్థల లెక్కలు ఆ వాదనను బలపరిచాయి. అయితే కొత్త విమానాలు ఆలస్యమయ్యేసరికి లుఫ్తాన్సా 2023లో తన ఎ380లను మళ్లీ బయటికి తీసింది. రెండు వాదనల్లో ఏది నెగ్గిందని ఇప్పుడే తేల్చలేం. ఒకటి మాత్రం స్పష్టం: దీని స్థానంలో ఇంత పెద్ద విమానం ఎవరూ తయారు చేయడం లేదు. అందుకే ఎమిరేట్స్ వీటిని 2040 దరిదాపుల దాకా నడుపుతామంటోంది.

హైదరాబాద్‌కు ఎ380 ఎందుకు రాదు?

మన దేశంలో ఎ380కు 2014 జనవరిలో అనుమతి వచ్చింది. ఢిల్లీ, ముంబై, బెంగళూరుతో పాటు శంషాబాద్ పేరు కూడా ఆ అనుమతిలో ఉంది. ఆ ఏడాదే ముంబైకి, 2022 అక్టోబరులో బెంగళూరుకు ఎమిరేట్స్ దాన్ని నడపడం మొదలుపెట్టింది. హైదరాబాద్‌కు రోజువారీ ఎ380 లేదు. రన్‌వే చాలక కాదు.

భారత్‌కూ దుబాయ్‌కూ మధ్య ఒప్పందంలో ఒక్కో వైపు సంస్థలు వారానికి సుమారు 65 వేల సీట్లే నడపాలి. లెక్క విమానాల్లో కాదు, సీట్లలో. రోజూ ఒక 354 సీట్ల 777 నడిపితే వారానికి 2,478 సీట్లు ఖర్చవుతాయి. దాని బదులు 484 సీట్ల ఎ380 పెడితే 3,388. అదనపు 910 సీట్లు ఇంకో ఊరి నుంచి తీయాలి. దుబాయ్ వాటా చాలా ఏళ్లుగా దాదాపు నిండిపోయి ఉంది. ఇంకో 50 వేల సీట్లు కావాలని 2022లో అడిగింది, భారత్ ఒప్పుకోలేదు.

మన సంస్థలు వైడ్ బాడీలు కొని అమెరికాకు, యూరప్‌కు నేరుగా నడపాలంటే మన ప్రయాణికులు గల్ఫ్ దారి పట్టకూడదన్నది ఎయిర్ ఇండియా, ప్రభుత్వాల వాదన. సీట్లు తక్కువైతే టికెట్టు ధర పెరిగి భారం మోసేది ప్రయాణికుడేనని ఎమిరేట్స్ వాదన. నేరుగా విమానం ఉన్న ఢిల్లీ, ముంబై వాళ్లకు మొదటిది నచ్చవచ్చు. హైదరాబాద్ నుంచి అమెరికాకు వెళ్లాలంటే ఎక్కడో ఒకచోట దిగక తప్పని తెలుగు కుటుంబాలకు ఆ వాదన ఫలితం ఇంకా చేతికి అందలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఎమిరేట్స్ దిగేది ఈ ఒక్క ఊళ్లోనే. విశాఖ, విజయవాడ, తిరుపతి వైపు వాళ్లు అక్కడిదాకా రావలసిందే. ఈ సీట్ల పరిమితి మారనంత కాలం శంషాబాద్‌కు పెద్ద విమానం కంటే, ఉన్న 777ల్లో సవరించిన క్యాబిన్లు రావడమే జరిగే అవకాశం ఎక్కువ. వాటికి సీట్లు తక్కువ కాబట్టి వారానికి 154 సీట్ల కోటా కూడా మిగులుతుంది.